గ్యాస్ కొట్టించడం వేరు, గ్యాస్ కొట్టడం వేరు

సందేహం: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి ‘గ్యాస్ కొట్టించుకొని ఇంటికి వెళ్తున్నా’ అంటుంది. కారులో పోయించేది పెట్రోలే కదా, ద్రవాన్ని గ్యాస్ అనవచ్చునా? ఇంతకూ అది ఏ భాష మాట? ‘వాయువు’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: అనవచ్చు. పెట్రోలుకు అమెరికాలో పేరు గ్యాసొలీన్. 1860ల నాటి మాట. గ్యాస్‌కు నూనెను సూచించే ‘ఓల్’, రసాయనాల పేర్ల చివర వచ్చే ‘ఈన్’ తగిలించారు. వాడుకలో తోక తెగి గ్యాస్ మిగిలింది. మనకూ ఇది వింత కాదు. తెలంగాణ పల్లెల్లో కిరోసిన్‌ను గ్యాస్‌నూనె అనేవారు. పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన మోసిన పెట్రోమాక్సులు ‘గ్యాస్ లైట్లు’. వాటిలో పోసిందీ కిరోసినే. పంపు కొడితే పైకెక్కి, వేడికి ఆవిరై మాంటిల్‌ను వెలిగించేది. ఆ మాటకొస్తే వంటింటి 14.2 కిలోల బండలో ఉన్నదీ చాలావరకు ద్రవమే.

ఇక పుట్టుక. చాలా మాటలకు తండ్రెవరో తెలియదు గాని దీనికి తెలుసు: బ్రస్సెల్స్ వైద్యుడు, రసాయనవేత్త యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్. 62 పౌండ్ల ఓక్ బొగ్గు కాలిస్తే ఆయనకు ఒక్క పౌండు బూడిద మిగిలింది. కంటికి కనబడకుండా పోయిన ఆ 61 పౌండ్ల పదార్థానికి ‘గ్యాస్’ అని కొత్త పేరు పెడుతున్నానని రాశాడు. 1644లో ఆయన పోయాక, 1648లో కొడుకు ఆ రచనలు అచ్చు వేయించాడు. సృష్టికి ముందున్న అయోమయ స్థితిని గ్రీకులు ‘ఖావోస్’ అన్నారు. తన మాట దానికి దూరం కాదని ఆయనే చెప్పుకున్నాడు. డచ్చివారి ‘గ’ గొంతులో రాపిడితో ‘ఖ’లా పలుకుతుంది కాబట్టి ఈ పోలిక మనకంటే వారికి సులువుగా వినిపిస్తుంది. ఆత్మ అనే అర్థమున్న జర్మన్ మాట ‘గైస్ట్’ నుంచి వచ్చిందని కొందరన్నారు గాని, కన్నవాడి మాట ఉండగా అది నిలవదు. ఆయనే సృష్టించిన మరో మాట ‘బ్లాస్’ పుట్టిన చోటే పోయింది.

ఇంగ్లీషు వాడుకలో 19వ శతాబ్దానికే గ్యాస్ అంటే వట్టి కబుర్లు, వాగుడుకాయ ‘గ్యాస్‌బ్యాగ్’. మన ‘గ్యాస్ కొట్టడం’ దీనికి చుట్టమే. గాలి కబుర్లు మనకు ముందే ఉన్నాయి కనుక ఇక్కడ ఇట్టే ఇమిడింది. ఐర్లండులో మాత్రం ‘వాడు గ్యాస్’ అంటే మహా సరదా మనిషని మెచ్చుకోవడం! ‘గ్యాస్‌లైటింగ్’ వీటి జోలికి రాదు. భార్య తన బుద్ధినే తాను అనుమానించేలా చేసే భర్త కథతో 1938లో వచ్చిన ఒక ఇంగ్లీషు నాటకం పేరు నుంచి పుట్టింది. దాన్ని దీపాల మాటగా అనువదిస్తే అర్థం పోతుంది.

‘వాయువు’ సంస్కృతం, ‘వా’ ధాతువుకు వీచడమని అర్థం. గాలి మన సొంతం. కన్నడ గాళి, తమిళ కాట్రు దీని జ్ఞాతులు. ఘన, ద్రవ, వాయు స్థితులు, సహజవాయువు, విషవాయువు అనే చోట్ల వాయువే సరి. టైరులో గాలి, పొయ్యికి గ్యాస్. ‘వాయువు అయిపోయింది, బండ మార్చాలి’ అని ఏ ఇల్లాలూ అనదు. అనువాదకులు పొరబడేది మరో చోట: అమెరికా వార్తను తెచ్చి ‘గ్యాస్ ధరలు పెరిగాయి’ అని రాస్తే మన పాఠకుడు సిలిండరు అనుకుంటాడు. అక్కడ ‘పెట్రోలు ధరలు’ అనే రాయాలి. మీ అమ్మాయి మాట ఇంట్లో చెల్లుతుంది, పత్రికలో చెల్లదు.

పనిలో పనిగా టియర్‌గ్యాస్ సంగతి. ‘బాష్పవాయువు’ చక్కని కూర్పు. బాష్పమంటే కన్నీరు, ఆవిరి కూడా. పోలీసులు ఎక్కువగా వాడే సీఎస్ అనే రసాయనం మామూలు వేడిమిలో వాయువు కాదు, పొడి. పేరుకు దానితో చిక్కు లేదు. చిక్కల్లా ‘భాష్పవాయువు’ అనే రాతతోనే. సంస్కృతంలో బాష్పం, వాష్పం రెండూ ఉన్నాయి, ఒత్తు ‘భ’తో లేదు. ‘బాష్పీభవనం’లోనూ మొదటిది ఒత్తులేని ‘బ’, నడిమిది మాత్రం ‘భ’.