విదేశంలోని అనుబంధ సంస్థ పర్యావరణ బాధ్యత చేపడుతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

అక్కడ అడుగుపెట్టగానే నీకు ఐఎస్ఓ 14001 అనే పర్యావరణ నిర్వహణ సర్టిఫికెట్ చూపిస్తారు. సంతోషించు, అక్కడితో ఆగకు. ఆ ప్రమాణం నిర్వహణ పద్ధతి ఉందో లేదో చూస్తుందే తప్ప కాలువలోకి ఎంత వదలొచ్చో చెప్పదు. ఆ హద్దు నువ్వే తేల్చుకోవాలి. స్థానిక చట్టం, అనుమతి పత్రంలోని షరతులు, మాతృసంస్థ సొంత ప్రమాణాలు పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో కాలుష్యకానికి ఏది కఠినంగా ఉంటే అదే రాసుకో. "ఇక్కడ చట్టం ఇంతే అడుగుతుంది సార్" అన్న మాట రోజూ వినిపిస్తుంది, అలవాటు పడకు.

తర్వాత నీళ్ల లెక్క. లోపలికొచ్చిన నీరంతా ఒకవైపు. ఆవిరైనది, సరుకులో కలిసినది, బయటికి వదిలినది మరోవైపు. తేడా పది శాతం దాటితే మీటరు చెడిపోయిందా, లీకు ఉందా, శుద్ధి కేంద్రాన్ని తప్పించి పోయే దొంగ పైపు ఉందా అని నడిచి వెతుకు. సీఓడీ (నీటిలోని మాలిన్యాన్ని రసాయనికంగా విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్ కొలత) లీటరుకు 200 మిల్లీగ్రాములు, రోజుకు 500 ఘనపు మీటర్లు అంటే 100 కిలోలు. మంచినీళ్లు కలిపి 1,000 ఘనపు మీటర్లు చేస్తే రిపోర్టులో 100 మిల్లీగ్రాములే కనిపిస్తాయి, నదికి చేరేది మాత్రం అవే 100 కిలోలు. కాబట్టి కిలోల్లో అడుగు.

నమూనా సీసాల మీదా కన్నుండాలి. బీఓడీ (మాలిన్యాన్ని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) నమూనాను 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచి 48 గంటల్లో ల్యాబుకు చేర్చాలి. వెచ్చగా వదిలేస్తే సూక్ష్మజీవులు దారిలోనే మాలిన్యాన్ని తినేసి ఫలితం బాగా కనిపిస్తుంది. ఇక శుద్ధిలో మిగిలే బురదను తరలించిన రసీదులు లేకుండా ఫలితాలు మాత్రం బ్రహ్మాండంగా ఉంటే అనుమానించు. శుద్ధి నడిస్తే బురద రాక మానదు, గాలి ఊదే బ్లోయర్లకు కరెంటూ కాలక మానదు. వాటికి విడిగా మీటరు పెట్టించు. తనిఖీ రోజున మాత్రమే తిరిగే ప్లాంటు ఆ రీడింగులో దొరికిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం అధికారం ఎవరిదన్నది. 1984లో భోపాల్ కర్మాగారంలో అమెరికా మాతృసంస్థ వాటా 50.9 శాతం. విషవాయువు లీకైన రాత్రికి ట్యాంకును చల్లబరిచే యూనిట్ ఆపేసి ఉంది, వాయువును మండించే ఫ్లేర్ టవర్‌కు వెళ్లే పైపు విప్పేసి ఉంది. రక్షణ పరికరం ఆపాలంటే స్థానిక మేనేజరు సంతకం ఒక్కటే చాలకూడదు. మాతృసంస్థ భద్రతాధికారి రాతపూర్వక అనుమతి, తిరిగి నడిపే తేదీ, అప్పటిదాకా ప్రత్యామ్నాయం ఏమిటన్నది మూడూ కాగితం మీద ఉండాలి. అక్కడి పర్యావరణ అధికారి బోనసు ఉత్పత్తి లక్ష్యంతో ముడిపడి ఉంటే ముందు దాన్ని విడదీయించు.

శుద్ధి ఖర్చును సామాజిక బాధ్యత పద్దులో ఎప్పుడూ రాయనివ్వకు, అది తయారీ ఖర్చే. బడి కట్టించామని వాగు పాడుచేసినదానికి చెల్లు వేసుకోవడం కుదరదు. వ్యాపారం, మానవ హక్కులపై 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాల్లోనూ ఇదే ధోరణి ఉంది. ఊరివాళ్ల కోసం వాళ్ల భాషలోనే ఫిర్యాదుల రిజిస్టరు పెట్టు. ప్రతి ఫిర్యాదుకూ నంబరు, జవాబు గడువు ఉండాలి, దాన్ని మూసే అధికారం ప్లాంటు మేనేజరుకు ఉండకూడదు. నువ్వు వినకపోతే వాళ్లు బహుళజాతి సంస్థల కోసం ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) ఇచ్చిన మార్గదర్శకాలు పాటించే దేశాల్లో, ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే జాతీయ సంప్రదింపు కేంద్రానికి వెళ్లొచ్చు. మాతృసంస్థ ఉన్న దేశంలో అలాంటిది ఉందేమో ఈ వారంలోనే చూసుకో.