మంత్రిత్వ శాఖ పేరు మారితే పాత భూసేకరణ రద్దవుతుందా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర హైవే పక్క ఊరు. నాలుగు లైన్ల రోడ్డు వేసినప్పుడు మా నాన్నగారి పొలంలో కొంత పోయింది. ఆయన దాచిన కాగితాల్లో రెండు గెజిట్ నకళ్లు దొరికాయి. భూమి తీసుకోబోతున్నామన్న 2000 జూలై నాటి 3ఏ నోటిఫికేషన్ మీద ‘ఉపరితల రవాణా మంత్రిత్వ శాఖ’ అని, తీసుకున్నట్టు చెప్పే 2001 మార్చి నాటి 3డి ప్రకటన మీద ‘రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ’ అని ఉంది. మొదలుపెట్టిన శాఖ ఒకటి, ముగించిన శాఖ ఇంకొకటి, పైగా మధ్యలో మంత్రి కూడా మారాడు కాబట్టి ఆ సేకరణ చెల్లదని మా ఊళ్లో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. నాన్నగారు అప్పట్లో డబ్బు తీసుకున్నారు, ఎక్కువ కావాలని ఎక్కడా అర్జీ పెట్టినట్టు లేదు. ఇప్పుడు సర్వీసు రోడ్డు కోసం ఇంకో 12 సెంట్లు తీసుకుంటామని తొమ్మిది రోజుల కిందట పేపర్లో ప్రకటన వచ్చింది. కేంద్ర మంత్రి పేరు మీదే లీగల్ నోటీసు పంపితే పని జరుగుతుందా? టెన్షన్‌గా ఉంది, చెప్పగలరు.

జవాబు: శాఖ పేరు మారిందన్న కారణంతో పాత సేకరణ రద్దు కాదు. మంత్రి పేరు మీద నోటీసు పంపితే పోస్టు ఖర్చు తప్ప మిగిలేది లేదు. మీరు నిజంగా కంగారు పడాల్సింది ఆ తొమ్మిది రోజుల గురించి. దాని దగ్గరికి వస్తాను గానీ, ముందు పేరు గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే ఇదే వాదన పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు.

మీ ఊరాయన గమనించింది నిజమే, తేదీలు కూడా సరిపోతున్నాయి. 1999 అక్టోబరులో ఉపరితల రవాణా మంత్రిత్వ శాఖను లోపల రెండు విభాగాలు చేశారు, ఒకటి నౌకాయానం, ఇంకొకటి రోడ్డు రవాణా, రహదారులు. 2000 నవంబరు 17న ఆ రెండూ రెండు వేరు మంత్రిత్వ శాఖలయ్యాయి. అంటే మీ 3ఏ పాత శాఖ ఉండగా, 3డి కొత్త శాఖ వచ్చాక అచ్చయ్యాయి. 2000 జూలైలో ఆ శాఖ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ఆ నవంబరు నుంచి రహదారులు చూసినది రిటైర్డ్ మేజర్ జనరల్ బి.సి.ఖండూరి. ఇంతవరకూ మీ ఊరాయనకి మార్కులు వేయాల్సిందే. అక్కడి నుంచి ఆయన దూకిన దూకుడే తప్పు.

ఈ 3ఏ, 3డి సెక్షన్లున్న 1956 నాటి జాతీయ రహదారుల చట్టం తీసి చూడండి. భూమి తీసుకునే అధికారం ఫలానా మంత్రిత్వ శాఖదని గానీ ఫలానా మంత్రిదని గానీ అందులో ఎక్కడా ఉండదు. ‘కేంద్ర ప్రభుత్వం’ అని ఉంటుంది, అంతే. కేంద్ర ప్రభుత్వమంటే ఎవరని అడిగితే జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 3(8) రాష్ట్రపతి అంటుంది. ఆ రాష్ట్రపతి రాజ్యాంగం ఆర్టికల్ 77(3) కింద పనుల్ని ఏ శాఖకి ఏది అని పంచుతారు, దానికి 1961 నాటి పనుల కేటాయింపు నియమాలు ఉన్నాయి. శాఖలు కలపడం, విడదీయడం, పేరు మార్చడం అన్నీ ఆ నియమాలకి సవరణలే. చట్టం ఇచ్చిన అధికారం మాత్రం మొదటి రోజు ఎవరి దగ్గర ఉందో చివరి రోజూ అక్కడే ఉంటుంది. దుకాణానికి బోర్డు మార్చినంత మాత్రాన పాత బాకీ పోదు కదా, ఇదీ అంతే.

నిజానికి పేరు మారడమే చట్టవిరుద్ధమైతే ఈ దేశంలో ఒక్క జాతీయ రహదారి కూడా నిలబడదు, ఎందుకంటే కేంద్రంలో ఇన్నిసార్లు పేరు మార్చుకున్న శాఖలు తక్కువ. మూలం చూస్తే యుద్ధకాలానికి పోతుంది. 1942 జూలైలో కమ్యూనికేషన్ల శాఖను చీల్చి యుద్ధ రవాణా శాఖ పెట్టారు. పెద్ద రేవులు, రైళ్లలో ఏ సరుకు ముందు పోవాలన్న నిర్ణయం, పెట్రోలు రేషన్, పెట్రోలు లేక బొగ్గు గ్యాసుతో బస్సులు నడపడం, ఇవీ అప్పుడు దాని పనులు. స్వాతంత్ర్యం తర్వాత కొన్నాళ్లు రైల్వేలు, రవాణా ఒకే మంత్రి చేతిలో ఉండేవి, జాన్ మత్తాయి, గోపాలస్వామి అయ్యంగార్, తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి. 1957లో రవాణా, కమ్యూనికేషన్ల శాఖ అయింది. మీ కేసుకి ఆధారమైన రహదారుల చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్ 15న. 1966 జనవరిలో రవాణా, విమానయాన శాఖగా మార్చినప్పుడు దాన్ని చూసింది మన నీలం సంజీవరెడ్డి గారు, 1967 మార్చి దాకా. ఆ మార్చిలోనే మళ్లీ చీల్చారు, విమానాలు, పర్యాటకం ఒకవైపు, రవాణా, నౌకాయానం ఇంకోవైపు. 1985లో ఇదంతా రవాణా మంత్రిత్వ శాఖలో ఒక విభాగమైంది, 1986 అక్టోబరులో ఉపరితల రవాణా మంత్రిత్వ శాఖ అనే పేరు వచ్చింది. మీ దగ్గరున్న మొదటి కాగితం మీద ఉన్నది ఆ పేరే.

2000లో విడిపోయినవి 2004 అక్టోబరులో మళ్లీ కలిశాయి, టి.ఆర్.బాలు మంత్రిగా నౌకాయాన, రోడ్డు రవాణా, రహదారుల శాఖ అని చాంతాడంత పేరుతో. 2009లో మళ్లీ విడిపోయాయి. అక్కడి నుంచి కమల్‌నాథ్, సి.పి.జోషి, ఆస్కార్ ఫెర్నాండెజ్, 2014 మే నుంచి నితిన్ గడ్కరీ. గడ్కరీ గారు 2014 నుంచి 2019 దాకా నౌకాయానం కూడా చూశారు, అయినా అప్పుడు శాఖలు రెండే, కార్యదర్శులూ ఇద్దరే. కాబట్టి 2005, 2009 మధ్య భూమి పోయినవాళ్ల గెజిట్ మీద నౌకల మాట కనిపిస్తే, ఓడల శాఖకి మా మెట్టపొలంతో ఏం పని అని ఆశ్చర్యపోకండి. దాని కింద చిన్న అక్షరాల్లో రోడ్డు రవాణా, రహదారుల విభాగం అని ఉంటుంది.

ఇక ఆ గెజిట్లో మీరు చూడాల్సినవి వేరు. రెండు నకళ్లూ పక్కపక్కన పెట్టుకోండి. పైన ఉన్న శాఖ పేరు వదిలేసి, ఎస్.ఓ. నంబరు (అంటే ఆ ఉత్తర్వు నంబరు), తేదీ రాసుకోండి. 3ఏ వచ్చిన ఏడాదిలోగా 3డి రావాలి, రాకపోతే 3ఏ దానంతటదే పోతుంది, అది సెక్షన్ 3డి(3) (కోర్టు స్టే ఉన్న కాలాన్ని ఈ లెక్కలోంచి తీసేస్తారు). మీ కేసులో 2000 జూలైకి, 2001 మార్చికి మధ్య ఎనిమిది నెలలే, కాబట్టి ఆ లోపం లేదు. తర్వాత షెడ్యూలు చూడండి, గ్రామం పేరు, సర్వే నంబరు, భూమి రకం, విస్తీర్ణం వరుసగా ఉంటాయి. 3ఏలో 112/2 అని ఉండి 3డికి వచ్చేసరికి 112/3 అయిందనుకోండి, అసలు నోటిఫికేషనే లేని భూమిని తీసుకున్నట్టు. విస్తీర్ణం పెరిగినా అంతే. కేసులు నిలబడేది ఇలాంటి చోట. విస్తీర్ణం హెక్టార్లలోనో చదరపు మీటర్లలోనో ఉంటుంది, మీ పాస్‌బుక్ సెంట్లలో ఉంటుంది, ఒక సెంటు అంటే దాదాపు 40.47 చదరపు మీటర్లు, ఆ లెక్క మీరే వేసుకోండి, ఆఫీసులో వేసి ఇస్తారని ఎదురుచూడకండి.

షెడ్యూలులో కూడా తేడా లేకపోతే పాత సంగతి అక్కడితో వదిలేయమనే చెబుతాను. 3డి గెజిట్లో పడిన రోజే ఆ భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడిపోయింది. డబ్బు తీసుకున్నారు, పరిహారం తగాదా తేల్చే ఆర్బిట్రేటర్ దగ్గరికి పోలేదు, ఇరవై ఏళ్లు దాటింది. ‘తర్సేమ్ సింగ్ తీర్పు వచ్చింది కదా, 30 శాతం సొలేషియం రావాలి కదా’ అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జాతీయ రహదారుల కింద భూమి పోయినవాళ్లకి సొలేషియం (భూమి బలవంతంగా పోయినందుకు ఇచ్చే అదనపు సొమ్ము), వడ్డీ ఎగ్గొట్టడం సమానత్వానికి విరుద్ధమంది, నిజమే. ఇకముందు కేసులకే వర్తింపజేయండని రహదారుల సంస్థ అడిగితే 2025 ఫిబ్రవరిలో కాదు పొమ్మంది, అదీ నిజమే. అయితే ముగిసిపోయిన కేసుల్ని తిరగదోడమని దానర్థం కాదని కూడా ఆ కోర్టే చెప్పింది. మీది ముగిసిన కేసు కిందికే వస్తుందని నా అభిప్రాయం. పరిహారం ఎంతో తేల్చిన అవార్డు కాపీ, డబ్బు తీసుకున్నప్పటి రసీదు దొరికితే, ముఖ్యంగా నాన్నగారు ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి ఉంటే, దగ్గరలోని లాయరుకి ఒకసారి చూపించండి. దొరక్కపోతే దాని మీద ఇంకో రూపాయి పెట్టకండి.

మంత్రిగారికి నోటీసు సంగతి. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు ప్రమాదం జరిగినప్పుడు శాస్త్రిగారు రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు, ఆ నవంబరులో అరియలూరు ప్రమాదం తర్వాత దిగిపోయారు. అది నైతిక బాధ్యత. దావాలో ప్రతివాది ఎవరన్నది పూర్తిగా వేరే లెక్క. ఆర్టికల్ 300, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 79 కలిపి చదివితే కేంద్రం మీద వేసే దావా ‘యూనియన్ ఆఫ్ ఇండియా’ మీదే వేయాలి, శాఖ కార్యదర్శి ద్వారా. దావాకి ముందు ఇచ్చే సెక్షన్ 80 నోటీసు కూడా కార్యదర్శికే, ఢిల్లీలోని ఆ శాఖ ఆఫీసు చిరునామాకి, ఇచ్చాక రెండు నెలలు ఆగాలి. హైకోర్టులో రిట్ వేస్తే ఆ నోటీసు అక్కర్లేదు. మంత్రిని పేరు పెట్టి లాగాలంటే ఆయన స్వయంగా మీ మీద కక్షతో ఈ పని చేయించాడని వివరాలతో సహా రాయాలి. మీ 12 సెంట్ల మీద ఢిల్లీలో ఎవరికీ కక్ష ఉండదు, అలా రాస్తే జడ్జిగారు మొదటి పేజీ దగ్గరే మిమ్మల్ని ఆపేస్తారు.

ఇంకో సంగతి, రహదారుల సంస్థ, అదే ఎన్‌హెచ్ఏఐ, ఈ మంత్రిత్వ శాఖ కింద ఉన్నా అది 1988 చట్టంతో పుట్టిన వేరే సంస్థ, 1995లో పని మొదలుపెట్టింది, సొంత పేరు మీద దావా వేయగలదు, దావాలో ఉండగలదు. డబ్బు జమచేసేది మామూలుగా అదే. కాబట్టి కేసంటూ వేస్తే యూనియన్ ఆఫ్ ఇండియాతో పాటు ఎన్‌హెచ్ఏఐ ప్రాజెక్టు డైరెక్టర్నీ, భూసేకరణ చూసే కాంపిటెంట్ అథారిటీనీ చేర్చాలి. ఆ అథారిటీ ఎవరో గెజిట్లోనే ఉంటుంది, మన దగ్గర ఎక్కువగా ఆర్డీఓ గానీ జాయింట్ కలెక్టర్ గానీ.

ఇప్పుడు ఆ తొమ్మిది రోజులు. సెక్షన్ 3సి కింద అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే గడువు, అదీ నోటిఫికేషన్ ప్రచురించిన తేదీ నుంచి. పేపర్లో పడిన రోజు నుంచి లెక్కపెట్టుకుని కూర్చోకండి, గెజిట్ అంతకుముందే వచ్చి ఉండొచ్చు. ఈ-గెజిట్ సైటులో ఇవాళే చూసి, ఆ తేదీ నుంచే లెక్కవేసుకోండి. రేటు తక్కువని ఈ అర్జీలో రాయడం దండగ, ఎందుకంటే ఇక్కడ వినేది ఆ భూమి వాడకం మీద అభ్యంతరం వరకే. అవతలి పక్క ప్రభుత్వ స్థలం ఖాళీగా ఉంది, మా బోరు ఈ ముక్కలోనే ఉంది, ఇది పోతే మిగతా పొలానికి దారి లేదు, ఇలాంటివి రాయండి. మిమ్మల్ని స్వయంగానో లాయరు ద్వారానో వినాల్సిన బాధ్యత వాళ్లకుంది, ‘నన్ను విచారణకి పిలవండి’ అని ఒక వాక్యం తప్పకుండా చేర్చండి.

రేటు గొడవ తర్వాతి మెట్టు. 2015 జనవరి 1 నుంచి రహదారుల భూములకి కూడా 2013 భూసేకరణ చట్టం ప్రకారమే పరిహారం కట్టాలి, అంటే 3ఏ తేదీ నాటి మార్కెట్ విలువ, పల్లెల్లో దానిమీద గుణకం, చెట్లు, బోరు, కట్టడాల విలువ, వీటన్నిటి మీద నూరు శాతం సొలేషియం. వచ్చిన అవార్డు నచ్చకపోతే 3జి(5) కింద ఆర్బిట్రేటర్‌కి పెట్టుకోవాలి, మన రాష్ట్రాల్లో మామూలుగా జిల్లా కలెక్టరే ఆర్బిట్రేటర్. ఆయన తీర్పూ నచ్చకపోతే జిల్లా కోర్టులో ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద మూడు నెలల్లో వేయాలి, తగిన కారణం చూపితే మరో 30 రోజులు, ఆపైన ఒక్క రోజు కూడా కోర్టు ఇవ్వదు. మీ నాన్నగారి కేసు ఆగిపోయింది మొదటి మెట్టు మీదే, ఈసారి డబ్బు తీసుకునేటప్పుడు ‘అభ్యంతరంతో’ అన్న మాట రసీదు మీదే రాసి సంతకం పెట్టండి.

అభ్యంతరం అర్జీ రెండు కాపీలు తీసుకుని మీరే ఆ కాంపిటెంట్ అథారిటీ ఆఫీసుకి వెళ్లండి. పాస్‌బుక్, అడంగల్ నకళ్లు జతచేయండి. ఒక కాపీ ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సహా ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. క్లర్కు ‘రేపు రండి’ అంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపేయండి.