నీ జాబితాలో లేని మాటలు

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, దానికి జతచేసిన నాలుగు కాగితాల జాబితా అందాయి. ఇటలీ యూదు రచయిత ప్రీమో లెవి ఆష్విట్జ్ నాజీ శిబిరంలో ఖైదీగా గడిపిన రోజుల జ్ఞాపకాలను ఇంగ్లీషులో చదువుతూ, అర్థం తెలియని మాటలన్నిటినీ వరుసగా రాసుకుని, ఒక్కొక్కదాని ఎదుట తెలుగు అర్థం పెట్టావు. నీ వయసులో నాకింత ఓపిక లేదు. శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకంలోనే మాట నెత్తిన పెన్సిలుతో అర్థం గీకేసి, తిరిగి ఇచ్చేటప్పుడు లైబ్రేరియన్ చేతికిచ్చిన రబ్బరుతో గంటసేపు చెరుపుతూ కూర్చున్నవాణ్ణి. అయినా నీ జాబితాతో నాకొక పేచీ ఉంది. అందులో చేరని మాటలే నిన్ను ఎక్కువ మోసం చేశాయని నా అనుమానం.

‘కపో’ దగ్గర ఆగావు, ఎందుకంటే అది కొత్త మాట. తోటి ఖైదీల మీద అజమాయిషీకి నాజీలు ఖైదీల్లోంచే నియమించినవాడని తెలుసుకున్నావు. ‘లాగర్’ అంటే శిబిరమనీ, ‘హెఫ్ట్‌లింగ్’ అంటే ఖైదీ అనీ రాసుకున్నావు. బాగుంది. కాని 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఫొస్సోలి శిబిరం నుంచి యూదులను తరలించే ఘట్టం చూడు. జర్మన్ అధికారి లెక్క అడుగుతాడు. కిందివాడు సెల్యూట్ కొట్టి, 650 ‘పీసులు’ ఉన్నాయి, అంతా సక్రమం అంటాడు. జర్మన్‌లో ఆ మాట ‘ష్టూక్’, సరుకును లెక్కపెట్టే మాట. ‘పీస్’ నీకు రెండో తరగతి నుంచి తెలుసు కనుక నీ కన్ను అక్కడ ఆగలేదు. దాన్ని తెలుగులో ఏమంటావు? బస్టాండులో సామాను లెక్కపెట్టేటప్పుడు మనం ‘శాల్తీలు’ అంటాం, అచ్చంగా ఆ లెక్కే. అయితే మనిషిని శాల్తీ అంటే మనకు నవ్వొస్తుంది, ఆ నవ్వు ఇక్కడికి రాకూడదు. ఈ ఒక్క మాట మీద నేను రెండు రోజులు గడిపాను, ఇప్పటికీ తేల్చుకోలేదు.

‘ఫ్రెస్సెన్’ ఎదుట నువ్వు ‘తినుట’ అని రాసి సరిపెట్టుకున్నావు. జర్మన్‌లో మనుషులు తినడానికి ‘ఎస్సెన్’ ఉంది, పశువులు తినడానికి ‘ఫ్రెస్సెన్’ ఉంది. నిలబడి, నోరూ గొంతూ కాలుతున్నా, ఊపిరి తీసుకోకుండా సూపు మింగే తమ తిండికి ఈ రెండోదే సరైన మాట అనీ, ఖైదీలే దాన్ని తమకు వాడుకునేవారనీ లెవి చెబుతాడు. ‘మేయడం’ అంటే మన కళ్లకు గట్టు మీద నింపాదిగా గడ్డి మేసే ఆవు కనిపిస్తుంది. ‘మెక్కడం’లో తిండిపోతును కసిరే అమ్మ గొంతు వినిపిస్తుంది. రెండూ పూర్తిగా కుదరవు. ఎందుకు కుదరవో తేల్చి నీ నోటుబుక్కులో నాలుగు వాక్యాలు రాసుకుంటే, ఆ మాట నీకు వచ్చినట్టు లెక్క.

‘సెలెక్షన్’ సంగతి ఇంకా కష్టం. చీరల కొట్లో సెలెక్షన్ బాగుందంటాం, ఉద్యోగానికి కుర్రాడు సెలెక్టయ్యాడని మిఠాయి పంచుతాం. 1944 అక్టోబరులో శిబిరంలో ఆ మాట పోలిష్ రూపంలో, ‘సెలెక్త్స్యా’ అని, పరాయి సంభాషణల మధ్య వినబడటం మొదలవుతుంది. మొదట అది ఏమిటో గుర్తుపట్టలేకపోయామనీ, తర్వాత అది వెంటపడి పీడించిందనీ లెవి రాశాడు. ఖైదీలు చేతిలో చీటీ పట్టుకుని, ఒంటి మీద గుడ్డ లేకుండా రెండు తలుపుల మధ్య నాలుగడుగులు పరుగెత్తాలి. శిబిరాన్ని నడిపే నాజీ దళం ఎస్సెస్ అధికారి ఒక్క చూపు చూసి చీటీని కుడివైపువాడికో ఎడమవైపువాడికో అందిస్తాడు. ఒక పక్క బతుకు, ఇంకో పక్క గ్యాస్ గదిలో చావు. 200 మంది ఉన్న బ్యారక్ పని మూడు నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది. ఇక్కడ ‘ఎంపిక’ అని రాస్తే తప్పు లేదు, నిఘంటువూ అదే చెబుతుంది. కాని ఆ చీటీ ఏ పక్కకు పోయిందో చదువరికి తెలిసేదాకా ఆ మాటకు అర్థం పుట్టదు.

ఒకచోట మాత్రం నిఘంటువు నిన్ను నేరుగా గోతిలో దించింది. ‘ముసెల్‌మాన్’కు ‘మహమ్మదీయుడు’ అని రాశావు. తిండి లేక, ఆశ చచ్చి, నేడో రేపో పోయేలా ఉన్నవాణ్ణి శిబిరంలోని పాతకాపులు ఆ మాటతో పిలిచేవారు. ఎందుకలా పిలిచేవారో తనకూ తెలియదని లెవి అంటాడు. తెలుగు చదువరికి ముసల్మాన్ రోజూ వినే మాట కాబట్టి, మొదటిసారి వచ్చిన వాక్యంలోనే ఆ సంగతి విప్పి చెప్పకపోతే పేజీ అంతా పెడర్థంలో పడుతుంది.

‘క్రెమటోరియం’కు నువ్వు పెట్టిన ‘దహనవాటిక’ దగ్గర కూడా ఆగాను. మనలో చాలామందికి దహనం అంత్యసంస్కారం. కొడుకు తలకొరివి పెట్టకపోతే తండ్రికి గతులుండవని వింటూ పెరిగాం. యూదు సంప్రదాయం మృతదేహాన్ని మట్టికి అప్పగించమంటుంది. చంపినవాళ్లను కాల్చి బూడిద చేయడం వాళ్ల దృష్టిలో చావు మీద మరో అపచారం, దాన్ని మన మాట ఒక సంస్కారంగా మార్చేస్తోంది. నాకైతే ‘శవాల బట్టీ’ దగ్గరగా తోస్తుంది, ఇటుకలు గుర్తొచ్చేంత మోటుగా ఉన్నా సరే. ఇలాంటిదే ఇంకొకటి: నాజీలు యూదులను ఊచకోత కోసినదానికి వాడే హోలోకాస్ట్ అన్న గ్రీకు మూలపు మాటకు పూర్తిగా దహించిన ఆహుతి అని అర్థం. ఇచ్చేవాడూ, అందుకునే దేవుడూ ఉండే మాట అది. అందుకే చాలామంది యూదులు విపత్తు అని అర్థమొచ్చే ‘షోవా’ అనే హీబ్రూ మాటను ఎంచుకున్నారు. మన పత్రికల ‘మారణహోమం’లోనూ అదే హోమం ఉంది. ముప్పై ఏళ్లు ఆ మాటను అలవోకగా రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.

నీ ఇంటర్ హాస్టల్ వ్యాసంలో వార్డెన్‌ను ‘కపో’ అన్నావు చూడు, అది కొట్టెయ్యి. కొత్తగా నేర్చిన మాటను వెంటనే వాడి చూపాలన్న ఉబలాటం నాకు అర్థమవుతుంది, కాని ఈ పుస్తకం నుంచి తెచ్చిన మాటను అందుకు ఖర్చు చేయకు.

చదవడం గురించి అడిగావు. మొదటిసారి నిఘంటువు ముట్టకుండా చదువు. రెండోసారి నోటుబుక్కులో ఎడమ పేజీలో మాటను అది వచ్చిన వాక్యంతో సహా దించుకో. ఎవరు, ఎవరితో, ఏ పూట అన్నారో పక్కన రాయి. కుడి పేజీ ఖాళీగా ఉంచు, తెలుగు అర్థం తొందరపడి నింపకు. రసాయనశాస్త్ర గ్రంథాల్లో చూసిన కాస్త జర్మన్ ముక్కలతో లెవి ఆ శిబిరంలో అడుగుపెట్టాడు. భాష రాని ఇటాలియన్లలో ఎక్కువమంది మొదటి పది పదిహేను రోజుల్లోనే పోయారని తర్వాత రాశాడు. రాత్రి నిద్రకు ముందు జర్మన్ తెలిసిన ఒక అల్సేస్ (ఫ్రాన్సులోని ప్రాంతం) ఖైదీ చేత గుసగుసగా జర్మన్ పాఠాలు చెప్పించుకుని, ఫీజు రొట్టె రూపంలో చెల్లించాడు.

ఆ రొట్టె కూడా నీ జాబితాలో లేదు. పొద్దున్నే అది పంచే వాక్యంలో లెవి ఒక్క పదార్థాన్ని ఏడు భాషల్లో, ఒకదానికొకటి గీతలతో కలిపి రాస్తాడు. ఆ పేజీ వెతికి పట్టుకో. అది కూడుగా, నాణెంగా, గురుదక్షిణగా చెల్లిన చోట, జొన్నరొట్టె వాసన తెలిసిన మన చదువరికి ఆ వాక్యాన్ని ఎలా అందిస్తావో రాసి పంపు. జాబితా కాగితాలు ఈ కవరులోనే వెనక్కి పెడుతున్నాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు