పొద్దున షుగర్ 380 ఉందని పిల్లికి ఇన్సులిన్ పెంచొచ్చా?

మీ పిల్లికి గ్లార్జిన్ (ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్) రెండు పూటలా 2 యూనిట్లు వేస్తున్నా పొద్దున సూదికి ముందు 380 చూపిస్తోంది, 3కి పెంచొచ్చా అని అడిగారు. ఆ ఒక్క అంకె చూసి పెంచకండి. మాది శ్రీకాకుళం. మా అప్పన్నకి (బొద్దుగా ఉండే మగపిల్లి, ఆపరేషన్ అయినవాడు) షుగర్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో నేనే చూసుకుంటున్నాను.

సూదికి ముందు చూసేది రాత్రి వేసిన మందు పని అయిపోవచ్చిన వేళ. అప్పుడు అంకె ఎక్కువే ఉంటుంది. మధ్యలో ఎంత కిందికి దిగిందన్నదే అసలు లెక్క. పొద్దున 380 ఉన్న పిల్లి మధ్యాహ్నానికి 70కి దిగుతూ ఉండొచ్చు. దానికి ఇంకో యూనిట్ ఎక్కించారంటే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే ఒక సెలవురోజు చూసుకుని, పొద్దున సూదికి ముందు మొదలుపెట్టి రాత్రి సూది దాకా రెండేసి గంటలకి చూసి రాయండి. అన్నిటికన్నా తక్కువ అంకె 80–150 మధ్య ఉంటే సాధారణంగా డోసు కదపరు. 80 లోపు ఉంటే తగ్గిస్తారు. 150 పైనే ఉండిపోతే డాక్టరు అర యూనిట్ పెంచి, కనీసం వారం ఆగమంటారు. గ్లార్జిన్ కుదురుకోవడానికే కొన్ని రోజులు పడుతుంది.

చెవి అంచున సన్నటి రక్తనాళం ఉంటుంది, వెనక నుంచి టార్చి వేస్తే ఎర్రగా కనిపిస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో చెవిని కాస్త వేడిచేసి, వెనక దూది మడిచి పెట్టి పొడిస్తే చిన్న బొట్టు చాలు. వెంటనే ఉడికించిన చేపముక్క పెడితే, రెండోసారికి పిల్లే వచ్చి కూర్చుంటుంది. ఆటోలో బుట్టలో పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్తే భయానికే షుగర్ ఎగబాకుతుంది, కాబట్టి ఇంట్లో తీసిన అంకెలకే విలువెక్కువ. మనుషుల షుగర్ మిషన్ పిల్లులకి ఉన్నదానికన్నా కొంచెం తక్కువ చూపిస్తుంది. ఏది వాడినా అదొక్కటే వాడండి.

సిరంజి ఒకసారి చూసుకోండి. మా ఊళ్లో ఒక మందుల షాపువాడు మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే గ్లార్జిన్‌కి ఎర్ర మూత సిరంజి చేతిలో పెట్టాడు. అది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే మందుకి వాడేది. దాంతో 2 గీతలు లాగితే లోపలికి వెళ్లేది 5 యూనిట్లు! మీకు కావాల్సింది నారింజ మూతది.

ఇంకొకటి, తిండి. మీరూ పాలన్నమే పెడుతున్నట్టు రాశారు. అన్నం మానిపిస్తానంటే మా అమ్మ "అన్నం నేకపోతే పిల్లి బతుకుద్దేటి?" అని గోల పెట్టింది. బతుకుద్ది, ఇంకా బాగా బతుకుద్ది. పిల్లి ఒంటికి పిండిపదార్థం సరిపడదు. కానీ చెప్పాపెట్టకుండా అన్నం ఆపేసి పాత డోసే వేస్తే షుగర్ పడిపోతుంది. డాక్టరుకి చెప్పి, కొద్దికొద్దిగా చేప, కోడిమాంసం వైపు మార్చండి. అప్పన్నకి అన్నం ఆగాక డోసు పెంచాల్సింది పోయి తగ్గించారు. కొన్ని పిల్లులకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది కూడా.

తిండి ముట్టకపోయినా, వాంతి చేసుకున్నా మామూలు డోసు వేసేయకుండా ముందు ఫోన్ చేయండి. తూలుతూ నడిచినా, ఒళ్లు అదిరినా షుగర్ పడిపోయిందనుకుని చిగుళ్లకి తేనె గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ రాయండి, గొంతులో పోయకండి. కాస్త తేరుకోగానే తిండి పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి. మీకు విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల దగ్గరే కదా, ఆ అంకెల కాగితం పట్టుకుని ఒకసారి అక్కడ చూపించండి. అప్పటిదాకా 2 దగ్గరే ఉంచండి.