పెరిగే పరిహారాన్ని నమ్మి మూడు రూపాయల వడ్డీకి అప్పా?

ప్రశ్న: అమలాపురం దగ్గర, చనిపోయిన నాన్నగారి పేరునే ఉన్న 35 సెంట్ల కొబ్బరి తోట కోటిపల్లి–నరసాపురం రైల్వే లైనులో పోయింది. పరిహారం ఖరారు చేస్తూ అవార్డు వచ్చి నెలైంది. 14 లక్షలే అన్నారు. తీసుకుంటే పరిహారం పెంచమనే కేసు పోతుందని తీసుకోలేదు. రేటు పెరిగాక తీర్చొచ్చని నూటికి మూడు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెచ్చి ఇల్లు మొదలుపెట్టాను. పెరిగిన సొమ్ము ఎందులో పెట్టమంటారు?

జవాబు: చేతికి రాని సొమ్ము సంగతి తర్వాత. మీ అప్పుకు నెలకు 18,000, ఏడాదికి 2,16,000 వడ్డీ. కేసు గెలిచినా, 2013 భూసేకరణ చట్టం కింద పెరిగిన మొత్తంపై ఇప్పించే వడ్డీ మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15. మీరు కట్టేది 36. ఇది ఏ లెక్కన గిట్టుబాటు?

డబ్బు తీసుకుంటే కేసు పోదు, మాట్లాడకుండా తీసుకుంటేనే పోతుంది. అవార్డు 2013 భూసేకరణ చట్టం కిందైతే, ‘మొత్తం చాలదు, అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని సొమ్ము ఖాతాలో పడకముందే రాసిచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. అవార్డు రోజు మీరు హాజరై ఉంటే, మీ అభ్యంతరాన్ని పరిహార వివాదాలు తేల్చే అథారిటీకి పంపమని కలెక్టరుకు దరఖాస్తు పెట్టడానికి ఆరు వారాలే గడువు. నెల అప్పుడే అయిపోయింది. రైల్వే చట్టం కిందైతే దారి వేరు, మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) దగ్గరికి వెళ్లాలి. చుట్టుపక్కల మూడేళ్ల రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్లు తీయించండి. కాపు చెట్లు, కోకో, బోరు లెక్కలోకి వచ్చాయో లేదో చూడండి. తోటల్లో తేడా ఎక్కువగా అక్కడే వస్తుంది.

వారసుల్లో ఒక్కరు అడ్డం తిరిగినా ఆ సొమ్ము అథారిటీలో డిపాజిట్ అయి కూర్చుంటుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంతకాలు ముందే తీసుకోండి.

14 లక్షల్లో మీ వాటా రాగానే మొదట అప్పు మొత్తం తీర్చేయండి. తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచండి, ఇంటి పని ఆగినా సరే దాన్ని ముట్టుకోవద్దు. ఆ తోటలో కాయలు దింపితే వచ్చే డబ్బు ఇక రాదు. ఆగస్టులో గోదావరికి వరదొచ్చి పనులు ఆగితే, ఈ నిల్వ లేనివాళ్లు మళ్లీ ఆ మూడు రూపాయల గడపే తొక్కుతారు. మిగిలితే ఫిక్స్‌డ్ డిపాజిట్. 2013 చట్టం కింది పరిహారానికి ఆదాయపు పన్ను లేదు, వడ్డీ సంగతి ఆడిటరును అడగండి.