రక్షకుడు కాదు, త్రాత

చిరంజీవికి,

నీ కథ అందింది. నైలు వరద బాగా రాశావు. మూడో పేజీలో మాత్రం పంటి కింద రాయి తగిలింది.

క్రీ.పూ. 323, బాబిలోన్. అలెగ్జాండర్ పోయిన రోజే సైనికుల చేత టాలెమీని "సోతేర్" అనిపించావు. అప్పటికతను ఈజిప్టుకు రాజే కాదు, ఒట్టి సేనాని. సోతేర్ అంటే గ్రీకులో కాపాడినవాడు. ఎవరిని? దేన్నుంచి? ఈ రెండూ తేలందే ఆ మాట ఎవరి నోటా పెట్టకు. క్రీ.పూ. 305-304లో టాలెమీ శత్రువు దెమెత్రియస్ రోడ్స్ ద్వీపాన్ని ముట్టడిస్తే టాలెమీ 3 లక్షల కొలతల ధాన్యం, పప్పులు ఓడల్లో పంపాడు. బిరుదిచ్చింది ఆ రోడ్స్ వాళ్లేనని గ్రీకు యాత్రారచయిత పౌసానియస్ రాశాడు. టాలెమీ బతికుండగా వేసిన నాణేల మీద "టాలెమీ రాజు" అనే ఉంటుంది. సోతేర్ అన్న మాట నాణెం ఎక్కింది కొడుకు హయాంలో. బిరుదులు కుప్పపోస్తేనే చారిత్రక కథ అనుకునే సంపాదకులు నీ చేత ఇంకో నాలుగు రాయించగలరు, జాగ్రత్త.

విందులో దేవుళ్లకు నైవేద్యంగా ఒలికించే ద్రాక్షసారా ధారల్లో మొదటిదే జ్యూస్ సోతేర్‌కి పోయించావు. ఆయనది మూడోది. మొదటిది ఒలింపస్ దేవతలకు, రెండోది వీరులకు. ద్రాక్షసారాలో నీళ్లు కలపడమూ మరిచావు. ఆర్తెమిస్‌నీ సోతేర్ అన్నావు. ఆమె ఆడదేవత, "సోతేరా" అనాలి.

ఇక అసలు గొడవ. సోతేర్‌ని "రక్షకుడు" అని తెనిగించావు. ఆ మాట వినగానే తెలుగువాడికి చర్చి గంట వినిపిస్తుంది. బైబిల్లో సోతేర్ ఉన్నచోట మనవాళ్లు రాసింది రక్షకుడనే కదా! క్రీస్తుకు మూడొందల ఏళ్ల ముందు కథలో ఆ గంట మోగకూడదు. సరైన మాట కోసం నిఘంటువు తిరగెయ్యక్కర్లేదు, మెనాండర్ వెండి నాణెం చూడు. మన వాయవ్యాన్ని ఏలిన గ్రీకు రాజు, మన మిలిందుడే. రెండున్నర గ్రాములుండదు. ఒకవైపు రాజు తల, చుట్టూ గ్రీకులో "బసిలెయోస్ సోతేరోస్ మెనాండ్రూ". తిప్పితే పిడుగు విసురుతున్న ఎథీనా, చుట్టూ ఖరోష్ఠి లిపిలో, ప్రాకృతంలో, కుడి నుంచి ఎడమకు, "మహరజస త్రతరస మెనంద్రస". అనువాదం ఆ టంకసాలలోనే అయిపోయింది: త్రాత. చివరి "ఓస్", "స" రెండూ "యొక్క" అనే విభక్తి. నువ్వు "సోతేరోస్ మహారాజు" అని రాసింది అందుకే తప్పు.

ఎవరికి పంపాలన్న ప్రశ్న తర్వాత. ముందు మూడో పేజీ తిరగరాయి. నైలు జోలికి పోకు.

ఆశీస్సులతో