విరేచనమా, విరేచనాలా?

ప్రశ్న: కుక్కల పెంపకం గురించిన ఒక కరపత్రంలో ‘పీచుతో కూడిన విరేచనకారులు వాడితే శునకాలకు మలబద్దకం నివారణ అవుతుంది’ అని ఉంది. మా కుక్క రెండు రోజులుగా ముక్కుతోంది. ఆ వాక్యం చదివి వినిపిస్తే మా అమ్మ, ‘వద్దు, దానికి విరేచనాలు పట్టుకుంటాయి’ అంది. విరేచనకారి అన్న మాట ఇక్కడ సరైనదేనా? మలబద్దకమా, మలబద్ధకమా?

జవాబు: మీ అమ్మగారు తెలుగును సరిగ్గానే అర్థం చేసుకున్నారు. పొరపాటు కరపత్రం రాసినవాళ్లది.

విరేచనం అన్న మాట మన వాడుకలో ఏకవచనంలో ఉంటే ఒక అర్థం, బహువచనంలో ఉంటే మరో అర్థం. ‘పొద్దున విరేచనం అయింది’ అంటే కడుపు సాఫీగా ఉందని. ‘పొద్దుటి నుంచి విరేచనాలు’ అంటే జబ్బు. ఇంగ్లీషు మాట తెచ్చుకున్నా ఈ తేడాను వదల్లేదు చూడండి: మోషన్ కాకపోతే ఒక టెన్షన్, మోషన్స్ అవుతుంటే ఇంకో టెన్షన్. ‘విరేచనకారి’లో ఏకవచనమో బహువచనమో తెలియదు. అందుకే వినేవారి మనసు భేది మందు వైపే పోతుంది.

మన పాత వైద్యులు ఇలా అన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. శార్ఙ్గధర సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో నాలుగు మెట్లున్నాయి. మెల్లగా కిందికి జరిపేది అనులోమనం, దానికి ఉదాహరణ కరక్కాయ. ఆ తరువాత లోపల అంటుకున్న మలాన్ని జార్చే స్రంసనానికి రేల, గట్టిపడ్డదాన్ని పగలగొట్టి దింపే భేదనానికి కటుకరోహిణి. అంతా నీళ్లగా చేసి తోసేసేది రేచనం, అది తెగడ మొక్క పని. పీచును రేచనం మెట్టు మీద కూర్చోబెట్టడం అన్యాయం. పీచుగా వాడే ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, మలాన్ని మెత్తగా, బరువుగా చేస్తుంది. పేగు దాన్ని తనంతట తాను ముందుకు నెడుతుంది. అలాగని అనులోమనం అని రాస్తే ఈనాడు ఎందరికి తెలుస్తుంది? నేనైతే ఇలా రాస్తాను: ‘కుక్కకు దొడ్డికి గట్టిగా వస్తుంటే, తిండిలో కాస్త పీచు కలిపి, నీళ్లు బాగా తాగించండి.’ నీళ్ల సంగతి వదిలేయకూడదు. నీళ్లు చాలకపోతే ఆ పీచే లోపల గట్టిపడుతుంది.

శునకం అన్న మాట కూడా అక్కర్లేదు, కుక్క చాలు. ఆవుకు పేడ, గుర్రానికి లద్దె, మేకకు పెంటికలు, పిట్టకు రెట్ట అని విడివిడిగా పేర్లు పెట్టుకున్న భాష మనది. పశువుల గురించి సూటిగా మాట్లాడటానికి మొహమాటమెందుకు?

ఇక వర్ణక్రమం. మలబద్ధకమే సరైనది. బంధ్ ధాతువు నుంచి వచ్చిన ‘బద్ధ’ శబ్దం అది, కట్టుబడినది అని అర్థం. బుద్ధ, శుద్ధ, యుద్ధ శబ్దాల్లో ఉన్న ధ ఒత్తే ఇక్కడా ఉంటుంది. పేగుకు బద్ధకం పట్టిందని కొందరు సరదాగా విడదీస్తారు గానీ, అది సరైన వ్యుత్పత్తి కాదు.

మాటల సంగతి అలా ఉంచి, రెండు రోజులుగా ముక్కుతోందన్నారు కాబట్టి ముందు పశువైద్యుడికి చూపించండి. ఎముక ముక్క ఏదైనా అడ్డుపడి ఉంటే పీచు పెట్టడం ప్రమాదం. మనుషుల కోసం అమ్మే చక్కెర లేని పీచు పొడులు మాత్రం పెట్టకండి. వాటిలో చక్కెరకు బదులుగా వేసే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే అది కుక్కకు విషం.